గునుగు, తంగేడు, తుమ్మి: మీ జాగాలో పూల బీడు పెంచాలంటే

గునుగు గింజలు ఇసుకలో కలిపి చల్లుతుంటే పక్క చేను పెద్దాయన గెట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు: "ఏం జల్లుతున్నవు బిడ్డా?" గునుగు అన్నాను. "మేం కూలి పెట్టి పీకిపిస్తుంటే నువ్వు కూలి పెట్టి జల్లుతున్నవా!" అని నవ్వుకుంటూ పోయాడు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. రైతుకు గునుగు కలుపు. పత్తిలో, కందిలో, జొన్నలో మొలిస్తే పంటను మింగేస్తుంది. కానీ అదే గునుగు ఇప్పుడు బతుకమ్మ పండక్కి బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు. చేలల్లో గడ్డి మందులు పెరిగాక గెట్ల మీద కూడా అడవి పూలు పలచబడ్డాయి. పూలతోపాటు తుమ్మెదలూ సీతాకోకచిలుకలూ తగ్గాయి.

మీకు ఒక గుంటో రెండు గుంటలో (గుంట అంటే 121 చదరపు గజాలు) ఖాళీ జాగా ఉంటే అక్కడ మన వానాకాలపు అడవి పూలను నిలబెట్టవచ్చు. దీన్ని నేను పూల బీడు అంటాను. తోట అనను, ఎందుకంటే రోజూ నీళ్లు పోసి సాకే పని కాదిది. జనగామ వైపు మా చెలకలో కొన్నేళ్లుగా చేస్తూ నేర్చుకున్నది, అందులోనూ చేతులు కాల్చుకుని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువ భాగం జాగా గురించి, విత్తనం గురించే ఉంటుంది. ఆ రెండూ కుదిరితే మిగతా పని తక్కువే.

ముందు ఒక వానాకాలం ఊరికే చూడండి

విత్తనం కోసం వెతికే ముందు, నాగలి కట్టే ముందు, ఆ జాగాను ఒక వానాకాలం వదిలేయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా పశువులు పోకుండా కంప అడ్డం పెట్టండి. గడ్డి మందు కొట్టకండి. పదిహేను రోజులకోసారి వెళ్లి ఏమేం మొలిచాయో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. పేరు తెలియని మొక్కను ఊళ్లో అరవై దాటిన వాళ్లకు చూపించండి, పేరుతోపాటు అది ఏ కూరలోకి, ఏ మందులోకి పనికొస్తుందో కూడా చెప్తారు.

ఇలా ఎందుకంటే, చాలా చోట్ల విత్తనం నేలలోనే ఉంటుంది. కొన్ని జాతుల గింజలు ఏళ్ల తరబడి మట్టిలో పడుకుని, అదను దొరికినప్పుడు లేస్తాయి. మా చెలకలో నేను చల్లకుండానే తుమ్మి వచ్చింది, వెంపలి వచ్చింది, నేలకు అంటుకుని నీలి చుక్కల్లా విష్ణుక్రాంతం వచ్చింది. అవి ముందే ఉన్నాయని తెలియక డబ్బు పెట్టి ఇంకేవో కొని చల్లితే, ఉన్నవాటిని మన చేతులతో మనమే తొక్కేసినట్టు.

ఇంకో సంగతి. ఎన్నడూ నాగలి పడని గడ్డి బీడు మీ చేతిలో ఉంటే దాన్ని దున్నకండి. అక్కడ మీరు చేయగలిగిన మేలు ఏమీ చేయకపోవడమే. ఖాళీగా కనిపించే గడ్డినేల పనికిరాని నేల కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టింది అలాంటి గడ్డినేల మీదే, బట్టమేక పక్షి కోసం. అక్కడ చెట్లు నాటి ‘పచ్చగా’ చేస్తే ఆ పక్షికి ఇల్లు పోయినట్టే.

జాగా ఎలా ఎంచుకోవాలి

మొదట ఎండ. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ నేరుగా పడాలి. వేప, చింత నీడలో గునుగు సన్నగా సాగి పడిపోతుంది. ఇంతకు మించి దీని గురించి చెప్పేదేం లేదు.

అసలు సంగతి నేల బలం. బలమైన నేలే మంచి నేల అని చిన్నప్పటి నుంచి విన్నాం. పూల బీడు దగ్గర అది తలకిందులు. నత్రజని ఎక్కువున్న చోట గడ్డి, ఆకుమొక్కలు ఏపుగా లేచి పూల మొక్కలకు ఎండ తగలనివ్వవు. నేల పేదగా ఉంటే ఏ మొక్కా మరీ ఎత్తు పెరగదు, అన్నిటికీ చోటు దొరుకుతుంది. మహారాష్ట్రలో సతారా దగ్గర కాస్ పీఠభూమి గురించి వినే ఉంటారు. పశ్చిమ కనుమలతోపాటు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కిన చోటు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పూలు చూడ్డానికి జనం బారులు తీరతారు. అక్కడ ఉన్నది ఎర్రటి రాతి పలక మీద పలచటి మట్టి పొర. చెట్టు వేరు దిగడానికి చోటు లేదు కాబట్టే వానాకాలపు చిన్న మొక్కలు రాజ్యమేలుతున్నాయి.

ఈ సంగతి తెలియక నేను మొదటి ఏడాది మా పాత పెంటకుప్ప ఉన్న మూలను ఎంచుకున్నాను. నల్లగా, మెత్తగా, ముట్టుకుంటే ముద్దొచ్చే మట్టి. ఆగస్టు వచ్చేసరికి అక్కడ ఉమ్మెత్త నా నడుం దాకా, అడవి తోటకూర ఛాతీ దాకా లేచాయి. నేను చల్లినవాటిలో ఒక్క తుమ్మి మొక్క కనిపించింది, అది కూడా అంచున. మరుసటి ఏడు పది అడుగుల పక్కకు, గరుసు రాళ్లున్న చోటికి జరిగాను. అక్కడ వచ్చింది బీడు.

కాబట్టి పెంటకుప్పలు, పశువుల కొట్టం చుట్టుపక్కల, ఇంటి మురుగు పారే చోటు, ఏటా యూరియా పడిన పొలం, ఇవన్నీ వదిలేయండి. ఉమ్మెత్త, అడవి తోటకూర దట్టంగా మొలిచే చోటు బలమెక్కువ అని గుర్తు. గడ్డి పలచగా ఉండి మధ్య మధ్య మట్టి కనిపిస్తూ, వెంపలి, విష్ణుక్రాంతం లాంటివి ఉన్న చోటు మంచి గుర్తు. బలమైన జాగా తప్ప వేరే లేదంటే రెండు దారులున్నాయి. పైన రెండు మూడు అంగుళాల మట్టి గీకి కూరగాయల మడికి తోలుకోండి. లేదంటే ఒకటి రెండేళ్లు ఎరువు వేయకుండా జొన్న వేసి, చొప్ప మొత్తం బయటికి తీసేయండి. పంటతోపాటు నేల బలం కొంత బయటికి పోతుంది.

తర్వాత నీళ్లు. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. ఇంకిపోయాక మళ్లీ నింపండి. రెండోసారి నింపిన నీళ్లు మర్నాటికి కూడా నిలిచి ఉంటే అది నీరు పట్టే నేల, అక్కడ తంగేడు వేరు కుళ్లుతుంది. ఎర్ర చెలకలో సాధారణంగా ఈ బాధ ఉండదు. నల్ల రేగడిలో గునుగు బాగానే వస్తుంది, కానీ నీరు నిలవకుండా వాలు చూసుకోవాలి. చౌడు నేల అయితే తెల్లగా ఉప్పు పేరిన చోట్లు వదిలేసి చుట్టూ ఉన్న నేల చూసుకోండి.

గడ్డి మందు చరిత్ర కనుక్కోవడం చాలామంది మరిచిపోతారు. మొక్కజొన్నలో విత్తిన వెంటనే కొట్టే అట్రజిన్ లాంటి మందులు మట్టిలో నెలల తరబడి ఉంటాయి, వెడల్పు ఆకు మొక్కల మొలకలను చంపుతాయి. మీరు చల్లే పూల మొక్కలన్నీ దాదాపు ఆ కోవవే. కౌలుకిచ్చిన భూమి అయితే కౌలుదారును అడగండి. అనుమానం తీరకపోతే రెండు కుండీలు తీసుకోండి. ఒకదాంట్లో ఆ జాగా మట్టి, ఇంకోదాంట్లో మందు పడని గెట్టు మట్టి. రెండింట్లోనూ పది ఆవాలు, పది దోస గింజలు వేసి నీళ్లు పోయండి. మూడు వారాలు చూడండి. ఆ జాగా మట్టిలో మొలకలు ఆకు అంచుల నుంచి పసుపు రంగుకు తిరిగి మాడిపోతుంటే, ఆ ఏడాది అక్కడ విత్తనం వృథా చేయకండి.

ఇక పక్కవాళ్లు. నిజం చెప్పాలంటే జాగా ఎంపికలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. గునుగు గింజ గాలికి దూరం పోదు, మొక్క కిందే రాలుతుంది. కానీ వరద నీటితో, పశువుల కాళ్లతో, మన చెప్పుల మట్టితో పక్క చేలోకి పోతుంది. అందుకని మీ బీడు వాలు పక్క చేను వైపు ఉంటే ఆ చోటు వదిలేయండి. మిగతా చోట్ల గెట్టు పక్కన పది పదిహేను అడుగుల పట్టీ ఖాళీగా ఉంచి, అందులో ఏదీ పూతకు రాకుండా కోస్తూ ఉండండి. ఆ పట్టీ ఇంకో విధంగా కూడా అక్కరకొస్తుంది: పక్క చేలో కొట్టిన మందు తుంపర నేరుగా మీ పూల మీద పడదు. మందు కొట్టే రోజు ముందే చెప్పమని పక్క రైతును మర్యాదగా అడిగి పెట్టుకోండి. నేను చాయ్ తాగించి అడిగాను, ఒప్పుకున్నాడు.

పాముల మాట రాకుండా ఉండదు. మోకాలి ఎత్తు గడ్డి ఉన్నచోట ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోట పాములుంటాయి. కాబట్టి గడపకు, పిల్లలు ఆడే చోటుకు కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టుకోండి. మధ్యలో నడవడానికి మూడు నాలుగడుగుల బాట ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచండి. లోపలికి పోయేటప్పుడు బూట్లు, చీకటి పడితే టార్చి.

హైదరాబాదులో ఓపెన్ ప్లాటు ఉన్నవాళ్లకు ఒక చిట్కా. కాలనీవాళ్లకు పూల బీడుకూ పిచ్చి మొక్కలకూ తేడా కనిపించదు, వారం తిరక్కుండా ఫిర్యాదు పోతుంది. చుట్టూ రెండు అడుగులు నీటుగా కోసి, రోడ్డు వైపు నాలుగు తంగేడు మొక్కలు పెట్టి, ‘బతుకమ్మ పూల జాగా’ అని చిన్న బోర్డు తగిలించండి. అంచు నీటుగా ఉంటే లోపల ఎంత అడవి ఉన్నా జనం ఓర్చుకుంటారు.

మొదటి ఏడు ఒక గుంట చాలు. అంతకు మించితే కలుపు తీయలేక చేతులెత్తేస్తారు.

విత్తనం: ప్యాకెట్ కాదు, గెట్టు

అడవి పూల విత్తనాల మిశ్రమం అని ఆన్‌లైన్‌లో రంగురంగుల ప్యాకెట్లు దొరుకుతాయి. నేనూ ఒకటి తెప్పించాను. లోపల కాస్మోస్, జిన్నియా, గసగసాల జాతి పూలు, కార్న్‌ఫ్లవర్, అలిస్సం. వీటిలో సగం చల్లటి వాతావరణానికి అలవాటు పడినవి, మన దగ్గర అక్టోబరు తర్వాత చల్లితే ఏమైనా వస్తాయి. నేను జులైలో చల్లాను. మొలిచినవి మొలిచినట్టే వానకు కుళ్లిపోయాయి. మిగిలింది కాస్మోస్. అందులో నారింజ రంగు రకం మెక్సికో నుంచి వచ్చింది, ఒకసారి దిగితే తనంతట తాను గింజ రాల్చుకుని పక్క బీడులోకి పాకుతుంది. దాన్ని ఏరేయడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది.

అందుకని విత్తనం మీ ఊరి చుట్టూ, మీ నేల లాంటి నేల మీద పెరిగిన మొక్కల నుంచే సేకరించండి. పది ఇరవై కిలోమీటర్ల లోపల అయితే మంచిది. ఆ మొక్కకు మీ వానలు తెలుసు, మీ ఎండ తెలుసు, ఎప్పుడు మొలవాలో ఎప్పుడు పూయాలో తెలుసు. రిజర్వు ఫారెస్టు, అభయారణ్యాల జోలికి మాత్రం పోకండి. రోడ్డు పక్కలు, చెరువు కట్టలు, పాత గెట్లు, బంధువుల చెలకలు చాలు.

తెలంగాణ చెలకలకు నేను పెట్టుకున్న జట్టు ఇది.

గునుగు ముందు. వానాకాలపు మొక్క, తొలకరికి మొలిచి బతుకమ్మ నాటికి పూస్తుంది, శీతాకాలానికి ఎండిపోతుంది. లేతగా ఉన్నప్పుడు కూర వండుకోవచ్చు. మొదటి ఏడే ఫలితం కనిపించేది దీంతోనే, కాబట్టి మనసుకు ధైర్యం. కానీ ఎక్కువ చల్లితే మిగతావాటిని తొక్కేస్తుంది.

తుమ్మి పొట్టిగా, తెల్ల పూలతో ఉంటుంది. మా వైపు వినాయక చవితికి తుమ్మికూర వండటం ఆనవాయితీ. చిన్న తేనెటీగలు దీన్ని వదలవు. వెంపలి పప్పుజాతి మొక్క, ఊదా పూలు, వేరు లోతుకు పోతుంది, కరువును తట్టుకుంటుంది, ఏళ్లపాటు ఉంటుంది. విష్ణుక్రాంతం నేల మీద పాకి ఖాళీలు నింపుతుంది. దీని గింజ సేకరించడం ఓపిక పని, దొరికినంతే.

తంగేడు బీడు మధ్యలో వద్దు, అంచున పెట్టండి. పొద అయి నీడ చేస్తుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పం అని కాదు గానీ, ఎంత బీద నేలలోనైనా నిలబడే గుణం దీన్లో ఉంది. పొద్దున పూట కాసేపు దాని దగ్గర నిలబడి చూడండి. నల్ల తుమ్మెద పువ్వును గట్టిగా పట్టుకుని రెక్కల కండరాలను ఝుమ్మని అదిరిస్తుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడి కూడా కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రాల్లోంచే రాలుతుంది, అదిరిస్తేనే రాలుతుంది. తంగేడు ఆకుల మీద ఆకుపచ్చ గొంగళ్లు కనిపిస్తే మందు కోసం పరుగెత్తకండి, కొన్నాళ్లకు అవే లేత పసుపు సీతాకోకచిలుకలు. ఎక్కడైనా జిల్లేడు ఉంటే అది కూడా ఒకటి ఉండనివ్వండి, నారింజ రంగు సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది దాని మీదే.

గడ్డి కూడా కావాలి. గడ్డి లేని పూల బీడు వానకు కోసుకుపోతుంది. అయితే కుదురుగా, గుబురుగా పెరిగే గడ్డిని ఎంచుకోండి. గరిక లాంటి పాకే గడ్డి వద్దు, అది ఎవరినీ ఉండనివ్వదు.

వద్దనుకునేవి కూడా చెప్పాలి. వయ్యారిభామ ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, చర్మానికి దురద, కొందరికి ఆయాసం. లాంటానా, సర్కారు తుమ్మ దరిదాపుల్లో ఉండకూడదు. బంతి మెక్సికో మొక్క. పండక్కి కావాలంటే విడిగా ఒక మడి వేసుకోండి, బీడులో కలపకండి. జనుము పచ్చిరొట్టకు మంచిదే, పసుపు పూలు బాగుంటాయని ఒకసారి మిశ్రమంలో కలిపాను. రెండు నెలల్లో మనిషెత్తు లేచి కింద ఉన్నవన్నీ చీకట్లో ముంచింది. అరకులో చూసి ముచ్చటపడి వలిసెలు కావాలనేవాళ్లుంటారు. అది అక్కడి గిరిజన రైతుల నూనెగింజ పంట, ఆ చలికి ఆ కొండలకు అది అందం. చెలకలో విడిగా వేసి చూడండి, బీడుకు మూలం చేయకండి.

ఇప్పుడు సేకరణ. గునుగు కంకి కింది నుంచి పైకి పండుతుంది. పైన ఇంకా గులాబీ రంగు ఉండగానే కింద గింజ తయారవుతుంది. గులాబీ రంగు పోయి కంకి వెండిలా తెల్లబడి, చేత్తో నలిపితే పొడిగా గరగరమన్నప్పుడు అదను. కింద పాత చీర పరిచి కంకిని వంచి తట్టండి. తోటకూర గింజల్లాంటి నల్లటి, నిగనిగలాడే గింజలు రాలతాయి. గింజ ఎర్రగా, మెత్తగా ఉంటే ఇంకా పది రోజులు ఆగాలి. తుమ్మికి అలా కాదు, ఎండిన పూగుత్తిని తలకిందులుగా అరచేతిలో తడితే చిన్న గోధుమరంగు పలుకులు పడతాయి. వెంపలి కాయలు పగిలి చిమ్ముకోకముందే, గోధుమ రంగు తిరగగానే కోసి గుడ్డ సంచిలో ఆరేయాలి.

ఒకే మొక్క నుంచి అంతా దులపకండి. ఇరవై ముప్పై మొక్కల నుంచి కొంచెం కొంచెం తీసుకోండి, పది కంకులుంటే రెండు మూడు. మిగతాది ఆ చోటుకు వదిలేయాలి. సద్దుల బతుకమ్మ ముందు రోజు ఎవరైనా మీ బీడులోకి గునుగు కోసుకోవడానికి వస్తే ఇదే లెక్క చెప్పండి. మా పక్క చేను పెద్దాయన కోడలు వచ్చినప్పుడు నేను చెప్పింది కూడా ఇదే, పదింట్లో రెండు మూడు కంకులు కోసుకుని మిగతావి విత్తనానికి వదలమని.

సేకరించినదాన్ని నీడలో వారం రోజులు ఆరబెట్టి, చెత్త చెరిగి, కాగితం కవర్లలోనో గుడ్డ సంచుల్లోనో పోయండి. పొయ్యి బూడిద, ఎండు వేపాకు వేస్తే పురుగు పట్టదు. కవరు మీద పేరు, చోటు, నెల రాయండి. రాయకపోతే మే నెలలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, నా మాట నమ్మండి.

మే నెలలో మొలక పరీక్ష. యాభై గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో మడిచి నీడలో పెట్టండి, ఆరకుండా చూడండి. పది రోజుల్లో సగానికి పైగా మొలిస్తే మంచి విత్తనం. పది కూడా మొలవకపోతే చల్లే మోతాదు పెంచడం కన్నా వేరే చోటి నుంచి తెచ్చుకోవడం నయం. తంగేడు, వెంపలి మాత్రం ఈ పరీక్షలో ఫెయిలైనట్టు కనిపిస్తాయి. వాటి గింజ పైపొర గట్టిది, నీరు లోపలికి పోనివ్వదు. నీళ్లు మరిగించి, పొయ్యి మీద నుంచి దించి, ఒక నిమిషం ఆగి గింజలు వేసి రాత్రంతా అలాగే వదిలేయండి. తెల్లారి ఉబ్బినవి తీసి విత్తుకోండి, ఉబ్బనివాటికి మళ్లీ అదే చేయండి. కొన్నే ఉంటే గరుకు కాగితం మీద రుద్దినా చాలు.

గుంటకు నేను వాడే కొలత: గునుగు 30 గ్రాములు, తుమ్మి 30, వెంపలి 80, గడ్డి గింజ 60 నుంచి 80, విష్ణుక్రాంతం ఎంత దొరికితే అంత. తంగేడు మిశ్రమంలో కలపను, అంచున నాలుగైదు అడుగులకు ఒక చోట రెండేసి గింజలు నాటుతాను.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి లాంటి వాళ్లకు ఒక మాట: గునుగు గింజలు సూట్‌కేసులో పెట్టుకుపోవద్దు, విత్తనాలకు విమానాశ్రయాల్లో కట్టుదిట్టమైన నిబంధనలుంటాయి. అక్కడి నర్సరీల్లో సెలోషియా పేరుతో ఈ కుటుంబం పూలే దొరుకుతాయి, వేసవిలో కుండీలో కూడా పూస్తాయి.

నేల సిద్ధం చేసి చల్లడం

లోతుగా దున్నకండి. ట్రాక్టరు కల్టివేటర్ వేస్తే అడుగున నిద్రపోతున్న వయ్యారిభామ గింజలన్నీ పైకొస్తాయి. పై అంగుళం కదిలితే చాలు.

జాగా చిన్నదైతే ఏప్రిల్, మే ఎండలను వాడుకోండి. నేల తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. పైపొరలో ఉన్న కలుపు గింజలు చాలావరకు ఉడికిపోతాయి. మట్టిలో ఉన్న మంచి గింజలు కూడా పోతాయి, అది గుర్తుంచుకోండి. వానాకాలం చూసినప్పుడు మంచి మొక్కలు కనిపించిన చోట ఇది చేయకండి. తుంగ గడ్డలకు ఇది పనిచేయదు, వాటిని తవ్వి తీయాల్సిందే.

పెద్ద జాగా అయితే రోహిణి కార్తెలో ఏం చేయకండి. మృగశిర వానలకు కలుపు మొలవనివ్వండి. రెండాకుల దశలో ఉండగా ఎండ పొద్దున గుంటకతో పైపైన గీకండి. మళ్లీ మొలిస్తే ఇంకోసారి. అప్పటికి ఆరుద్ర వస్తుంది, జూన్ 22 ప్రాంతం. నేల పదునుగా ఉండి, ఆకాశంలో మబ్బు చూసి చల్లండి. వాన రాకపోతే చీమలు మోసుకుపోతాయి. అనంతపురం లాంటి చోట్ల లెక్క వేరు, అక్కడ ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర, అందులో సెప్టెంబరుది పెద్ద వాటా. ఆగస్టు రెండో సగం దాకా ఆగడం మంచిది.

గింజకు పది రెట్లు పొడి ఇసుక కలపండి. ఇసుక తెల్లగా ఉంటే ఎక్కడ పడిందో కంటికి కనిపిస్తుంది. సగం తూర్పు పడమరగా, మిగతా సగం ఉత్తర దక్షిణంగా నడుస్తూ చల్లండి. పూడ్చకండి. పెద్దవాళ్లు తైద (రాగులు) చల్లాక చేసినట్టు ఒక తుమ్మ కంప మీద నుంచి లాగితే చాలు, తర్వాత నడిచి తొక్కండి. గింజకు మట్టి తగలాలి, మట్టి కింద పడకూడదు.

చల్లాక

మూడు వారాలకు వంగి చూడాలి. వయ్యారిభామ పిల్ల నేలకు అంటుకుని క్యారెట్ ఆకులాంటి ఆకులతో గుండ్రంగా పరుచుకుంటుంది, దాన్ని గ్లౌజులు వేసుకుని పూత రాకముందే పీకండి. మొదటి వానాకాలం నాలుగుసార్లు ఈ పని తప్పదు. నీళ్లు పోయకండి, ఎరువు వేయకండి. సెప్టెంబరు దాకా బీడు చూస్తే సంతోషం కలగదు, పలచగా ఉంటుంది, వచ్చిన చుట్టాలు ‘ఇదేనా?’ అంటారు. తంగేడు రెండో ఏడు గానీ పూయదు.

గింజలు రాలాక, సంక్రాంతి లోపల కొడవలితో జానెడు ఎత్తు వదిలి కోయండి. తంగేడును వదిలేయండి. కోసిన గడ్డిని వారం పాటు అక్కడే ఎండనిచ్చి, తిరగేసి దులిపి, తర్వాత పూర్తిగా బయటికి తీసేయండి. అక్కడే కుళ్లనిస్తే మనం తగ్గించిన నేల బలం మళ్లీ వస్తుంది. కాల్చకండి, మార్చి గాలికి నిప్పు ఎటు పోతుందో చెప్పలేం. ఫిబ్రవరి తర్వాత మేకల మందను రెండు మూడు రోజులు తోలినా ఫరవాలేదు, వాటి గిట్టలు నేలను గీరడం మంచిదే.

గునుగు, తుమ్మి ఏటా గింజ నుంచి రావాలి, వాటికి కొంచెం కదిలిన మట్టి కావాలి. ఏ పనీ చేయకుండా వదిలేస్తే మూడో ఏటికి గడ్డి మూసుకుపోయి అవి మాయమవుతాయి. అందుకని గుంటను మూడు ముక్కలుగా చేసుకుని, ప్రతి ఆరుద్రకు ఒక ముక్క మాత్రమే దంతెతో పైపైన గీరండి. గీరిన ముక్కలో ఆ ఏడు గునుగు, మిగతా రెండింట్లో వెంపలి, విష్ణుక్రాంతం. మా దాంట్లో ఈసారి దక్షిణం వైపు ముక్క వంతు.